న్యాన్ అవ్వ ఫొటో

మా ఆయన ఊళ్లో లేనినాడు, మా స్టూడియోలో మొదటిసారి నేనే ఫొటో తీశాను. పండగలకీ పెళ్లిళ్లకీ వేసుకునే పొడుగు అంగీ, వెల్వెట్ ఆవ్‌జాయ్ తొడుక్కుని, ముత్యాల దండ వేసుకుని న్యాన్ అవ్వ వచ్చింది. మా హ్వే పట్నంలో ముసలివాళ్లు, తాము పోయాక ఇంట్లో పూజకు పెట్టే ఫొటోను బతికుండగానే ఇలా ముస్తాబై తీయించుకుంటారు.

కిటికీ వెలుగు రెండు కళ్లలోనూ పడేలా కూర్చోబెట్టాను.

"నవ్వకండవ్వా. రేపు మీ పిల్లలు ధూపం వెలిగించి దీనికే మొక్కాలి."

అవ్వ నవ్వు ఆపేసింది. ఫొటో చక్కగా కుదిరింది. సంబరంగా చూపించాను.

"బాగుంది, దాచిపెట్టు. ఎప్పటికైనా కావాలిగా! ఇప్పుడు నవ్వుతూ ఒకటి తియ్యి. వచ్చే నెల్లో నా పెళ్లి."

సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"తల వంచుకోవాల్సింది పెళ్లికూతురు. మధ్యలో నువ్వెందుకే?" అంది అవ్వ.