ఖాళీ చేసిన కుర్చీ

మా ఇంట్లో నన్నెవరూ సరిగ్గా అర్థం చేసుకోరు. ఈసారి మరీ అన్యాయంగా, మంచిదాన్నంటున్నారు.

సమోవా రాజధాని అపియాలో చూపులేనివారి సేవాసంఘానికి మేనేజరును ఎంచుకునే రోజది. దరఖాస్తు పెట్టింది మా అక్క లూపే ఒక్కతే. కమిటీలో మేం ఏడుగురం. బంధువుల సంగతి చర్చకొస్తే సభ్యులు బయటికి వెళ్ళాలని నియమావళిలో ఉంది. అందరూ అందరికీ చుట్టాలే అయిన మా సమోవాలో అలా వెళ్తే గదిలో కుర్చీలే మిగులుతాయి కనుక ఇంతవరకూ ఎవరూ లేవలేదు. నేను లేచాను.

చదువు లేదని ముగ్గురు అక్కను వద్దన్నారు. ఏళ్ళుగా అక్కడే చేస్తోంది, పని తెలుసని ముగ్గురు కావాలన్నారు. ఓట్లు సమానమైతే మళ్ళీ ప్రకటన ఇవ్వాలి.

సాయంత్రం అమ్మ నా చేతికి కోకో కప్పు అందిస్తూ, "సొంత అక్కని కూడా చూడకుండా లేచిపోయావటగా! నీతి అంటే మా చిన్నదానిదేనని పాస్టరమ్మకి చెప్పొచ్చాను," అంది.

"పొగుడు పొగుడు! ఉద్యోగం పోయింది నాది," అని అక్క నవ్వి, నా భుజం మీద చెయ్యేసింది. "నీ ఓటుతో గెలిస్తే ఊరు ఊరుకునేదా? మంచి పని చేశావే."

సంఘంలోని ముసలివాళ్ళు అడుగుల చప్పుడుకే అక్కను గుర్తుపట్టి మొహాలు విప్పార్చుకుంటారు. ఫిజీ వెళ్ళి సువాలో సంస్థల నిర్వహణ చదివొచ్చిన నేను ఎదురుగా నిలబడి పలకరించినా, "ఎవరూ, లూపే చెల్లెలా?" అంటారు.

ఓట్లు మూడూ మూడూ అవుతాయని లేవకముందే నాకు తెలుసు. రేపు కమిటీకి రాజీనామా ఇచ్చి, ఆ ఉద్యోగానికి నేనే దరఖాస్తు పెడతాను.