రెండు గీతల వంకర

“కదిలావంటే పని మళ్ళీ మొదటికొస్తుంది,” అంటూ మేస్త్రి, ఇళ్ళు కట్టేటప్పుడు మట్టం చూసుకునే రసమట్టాన్ని పిల్లి రెండు చెవుల మీదా అడ్డంగా పెట్టాడు.

పిల్లి కదల్లేదు. చెవి గోక్కోకుండా మెడకు తగిలించిన ప్లాస్టిక్ గరాటా కాసేపు తీశారన్న సంతోషంలో ఉందది. ముక్కు మీద నశ్యం రంగు మచ్చ ఉండడంతో దానికి పొడుం అని పేరొచ్చింది. పన్నెండు రోజుల కిందట డాక్టరమ్మ దాని ఎడమ చెవి లోపల పెరిగిన కండను ఆపరేషన్ చేసి తీసేసింది. దాన్ని పాలిప్ అంటారట. అంతకుముందు నెలరోజులూ పొడుం తల ఒక పక్కకు వాల్చుకుని, ఎవరేం చెప్పినా ‘అలాగా పాపం’ అన్నట్టు చూస్తూ తిరిగింది.

“ఎంతుంది?” అంది మేస్త్రి భార్య, చెవిలో వేసే చుక్కల సీసాను గుప్పిట్లో వెచ్చబెడుతూ.

మేస్త్రి ఒక కన్ను మూసి గాజు గొట్టంలోని బుడగను చూశాడు. “రెండు గీతల వంకర. నిన్నా రెండే, మొన్నా రెండే.”

“నాకు తిన్నగానే కనిపిస్తోందండీ.”

“కంటికి కనిపించిందే నిజమైతే ఇక రసమట్టం దేనికే?”

ఆపరేషన్ అయిన రోజు బుడగ గొట్టం చివర నక్కి కూర్చుంది. వారం తిరిగేసరికి రెండు గీతల దగ్గరికి వచ్చింది. సగం వాలిన కనురెప్ప లేచింది, గురక పోయింది, ఆకలి రెట్టింపైంది. బుడగ మాత్రం అక్కడే భీష్మించుకు కూర్చుంది. పదిహేనో రోజుకీ తల తిన్నగా నిలబడకపోతే చెవి కింద ఎముక తెరిచి రెండో ఆపరేషన్ చెయ్యాలని డాక్టరమ్మ ముందే చెప్పింది.

“దీనికి పన్నెండేళ్ళు. మళ్ళీ మత్తిస్తే లేస్తుందా అసలు?” అంది భార్య.

“లోపల రోగం పెట్టుకుని పైకి బాగుందనుకుంటే ఎలా?” అన్నాడు మేస్త్రి. ఆయన చెయ్యి మాత్రం పొడుం వీపు నిమురుతూనే ఉంది.

గరాటా మళ్ళీ తగిలించి పొడుంను వదిలేసిన కాసేపటికి వంటగదిలోంచి అత్తగారి కేక వినిపించింది. “అల్లుడూ, హాల్లో కూర్చుని బొత్తాలు కుట్టుకుంటున్నదాన్ని, నా చక్రాల కుర్చీ మళ్ళీ ఇక్కడికొచ్చేసింది.”

“పొడుం తోసి ఉంటుంది అత్తయ్యా.”

“అంత గరాటా పెట్టుకుని నన్ను తోసిందా?”

“పిల్లి బలం మీకు తెలీదు.”

పొడుం గిన్నెలో నీళ్ళు కూడా రోజూ ఒక పక్కనుంచే ఒలికేవి. తల వంకరకు అంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాడు మేస్త్రి.

పక్కింటి లెక్కల మాస్టారు గోడ మీదుగా తొంగి చూశాడు. “మేస్త్రీ, మా పడకగది తలుపు దానంతటదే మూసుకుంటోందయ్యా.”

“గాలి, మాస్టారూ.”

“కిటికీలన్నీ మూసే చూశాను.”

“అయితే అది లోపలి గాలి.”

మాస్టారు తల గోక్కుంటూ దిగిపోయాడు. పని విషయంలో మేస్త్రికి ఎదురు చెప్పేవాళ్ళు లేరు. ఆ రెండు వీధుల్లో ఇళ్ళన్నీ, చివరనున్న పశువుల ఆసుపత్రితో సహా, ఆయన కట్టినవే. మొదటి ఇంటికి ముగ్గు పోసిన రోజున గురువు చేతిలో పెట్టిన జానెడు రసమట్టం ఇది. ఒక కొసకు తాడు ఉంటుంది. తాడు ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలన్నాడు గురువు. ఎందుకని శిష్యుడు అడగలేదు, ముప్పై ఏళ్ళుగా మాట తప్పలేదు.

పదిహేనో రోజు పొద్దున మత్తివ్వాల్సి వస్తుందేమోనని పొడుంకు తిండి పెట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ బల్ల మీది నుంచి దొర్లిన కలాన్ని అటు చూడకుండానే అలవాటుగా పట్టుకుని, చెవిలో లైటు వేసి చూసింది.

“చెవి శుభ్రంగా ఉంది. తల కూడా తిన్నగానే ఉంది కదా.”

“లేదు డాక్టరమ్మా, రెండు గీతల వంకరుంది,” అని మేస్త్రి రసమట్టం పెట్టి చూపించాడు. బుడగ నడిమికి రెండు గీతల అవతలే ఉంది. తర్వాత దాన్నే కిటికీ గట్టు మీద పెట్టాడు. బుడగ చక్కగా నడిమికొచ్చింది. “చూశారా? మనిషి అబద్ధమాడతాడు గానీ బుడగ ఆడదు.”

డాక్టరమ్మ ముఖం మారింది. కంటికి ఆనని వంకర ఏదో ఉందన్నమాట. “అయితే తప్పదు,” అంటూ మత్తు సూది అందుకుంది.

“ఆగండమ్మా, ఒక్కసారి నన్ను చూడనివ్వండి.” భార్య మేస్త్రి చేతిలోంచి రసమట్టం లాక్కుని పొడుం తల మీద పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు ఉండడంతో తాడు ఎటుందో చూసుకోలేదు.

“అలా కాదే, తాడు కుడివైపు ఉండాలి,” అన్నాడు మేస్త్రి.

బుడగ ఈసారి రెండో పక్కకు, మళ్ళీ రెండు గీతలే జరిగింది.

డాక్టరమ్మ సూది కింద పెట్టింది. “ఎటు తిప్పి పెట్టినా బుడగ ఒకేచోట ఉండాలి కదా మేస్త్రిగారూ?” అంటూ రసమట్టం తీసుకుని, కిటికీ గట్టు మీద తాడు ఎడమవైపు వచ్చేలా పెట్టింది. బుడగ జారి గొట్టం చివరికంటా పోయింది.

బల్ల మీది కలం మళ్ళీ దొర్లి కిందపడింది. ఈసారి ఎవరూ పట్టుకోలేదు. భార్య పొడుంను గుండెకు హత్తుకుంది. మేస్త్రి కిటికీలోంచి, ముప్పై ఏళ్ళుగా ఆ రసమట్టంతోనే తాను కట్టిన ఇళ్ళ వరస వైపు చూశాడు.

ఆ రెండు వీధుల్లో తిన్నగా ఉన్నది పొడుం తల ఒక్కటే.