ఎర్ర పికప్ మీద కడ్డీ

“నా బండి రంగు మీద చిన్న గీత పడినా ఊరుకోను, ఓపల్!” అంటూనే షెడ్డులోకి వచ్చాడు గ్రాడీ.

బయట అతని కొత్త ఎర్ర పికప్ నిగనిగలాడుతోంది. అమెరికాలో, ఆరెగాన్ కొండల్లోని ఆ ఊళ్ళో బండ్లకి సీబీ రేడియోలు, డ్రైవర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేవి, బిగించేది ఓపల్ ఒక్కతే. లేకపోతే ఆమె గడప తొక్కే మొహం కాదు అతనిది. మూల స్టూలు మీద కూర్చున్న ఆమె తమ్ముడు లైల్ తల తిప్పుకున్నాడు. లైల్‌కి ఎడమకాలు మోకాలి దాకే ఉంది.

“ఏరా లైల్, మెలకువగానే ఉన్నావా?” అని నవ్వాడు గ్రాడీ.

ఓపల్‌కి ఒళ్ళు మండిపోయింది. దుంగల లారీలు దిగే దారి ఒక్క బండికే సరిపోతుంది. ఎక్కేవాడు ప్రతి మైలురాయి దగ్గరా తానెక్కడున్నాడో రేడియోలో కేక వేసి, లోడుతో దిగేవాడికి దారివ్వాలి. వసంతంలో గ్రాడీ కేక వెయ్యకుండానే మలుపు తిరిగాడు. అతన్ని తప్పించబోయి, లోడుతో దిగుతున్న లైల్ లారీతో సహా లోయలో పడ్డాడు. ‘నేను కేకేశాను, వాడే నిద్రపోతున్నాడు’ అని ఒట్టేశాడు గ్రాడీ. కలప మిల్లువాళ్ళు నమ్మారు. లైల్‌కి కాలూ పోయింది, ఉద్యోగమూ పోయింది, ఊళ్ళో మంచి పేరూ పోయింది.

“రేడియో ఏరియల్ కడ్డీ ఎక్కడ పెట్టమంటావ్?” అంది ఓపల్.

“సీటు వెనకాల, సామాన్ల తొట్టి అంచు మీద.”

“అయితే కడ్డీని పట్టి ఉంచే పట్టీ కింద రంగు గీకాలి. ఇనుము ఇనుముకి తగిలితేనే ఎర్త్ అందుతుంది. రంగు మీద బిగిస్తే నీ మాట రెండు మలుపులు దాటదు.”

“గీకావంటే తోలు వలుస్తా! కడ్డీ లేని బండిని మిల్లు గేటులోకి రానివ్వట్లేదని పెట్టించుకుంటున్నా. వాళ్ళకి కనబడితే చాలు. నా మాట ఎవడికి వినబడాలి? నేనొస్తుంటే వాళ్ళే తప్పుకుంటారు.”

“నీ ఇష్టం. తర్వాత నన్ననకు.”

గ్రాడీ ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీ తాగి వచ్చేసరికి ఓపల్ ఆఖరి నట్టు బిగిస్తోంది. బండి చుట్టూ తిరిగి, అంచంతా వేలితో తడిమి చూసుకున్నాడు. ఎక్కడా గీత లేదు. ఇలాంటివాళ్ళకి బండి రంగు మీద ఉన్న ప్రేమ మనిషి కాలు మీద ఉండదు. గ్రాడీ ఈలవేసుకుంటూ కొండదారి పట్టాడు.

లైల్ కర్ర అందుకుని లేచాడు. “అక్కా, నిజంగా రంగు మీదే బిగించావా? వాడి కేక ఎవరికీ వినబడదే! ఈపాటికి పైనించి లోడు బండ్లు దిగుతుంటాయి.”

“దిగనీ.”

“నాకు జరిగిందే వాడికీ జరుగుతుంది!”

“కాలు పోగొట్టుకున్నవాడివి నువ్వు. మళ్ళీ జాలీ నీకేనా? నాకు లేదు. వాడు నాశనమైతే కళ్ళారా చూడాలనుంది.”

లైల్ షెడ్డు రేడియో మైకు అందుకోబోయాడు, లారీలవాళ్ళని హెచ్చరిద్దామని. ఓపల్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

“ముట్టుకోకు. ఊరికే విను.”

కాసేపటికి రేడియో గరగరలాడింది.

“మెర్ల్! వెనకాలే ఉన్నావా?” గ్రాడీ గొంతు.

“ఉన్నా. ఓపల్ ఏమీ అనలేదా?” వెనక లారీలో వస్తున్న అతని స్నేహితుడు మెర్ల్ అడిగాడు.

“ఏమంటుంది? నోరు మూసుకుని బిగించింది. కుంటోడు మూల కూర్చుని చూశాడు.”

“ఒరేయ్, మెల్లగా! అందరూ వినే చానెల్ ఇది.”

“ఎవడు వింటాడు? రంగు గీకనిస్తేగా! నా మాట నీ దాకా వస్తే అదే గొప్ప. నీకు తెలుసా మెర్ల్, ఆ రోజు నేను మైకు ముట్టుకోనేలేదు. సిగరెట్ వెలిగించుకుంటున్నా. కేకేశానంటే అందరూ ఎంత సులువుగా నమ్మారో, పిచ్చివెధవలు!”

రేడియోలో మరో గొంతు వినబడింది.

“లోడు, తొమ్మిదో మైలు. విన్నాను,” అన్నాడెవరో డ్రైవరు.

“లోడు, పదమూడో మైలు. నేనూ విన్నా.”

“మిల్లు గేటు. ఇక్కడ యజమానితో సహా అందరం విన్నాం. గ్రాడీ, బండి పక్కకి తీసి అక్కడే ఉండు.”

లైల్ స్టూలు మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. “రెండు మలుపులు దాటదన్నావు కదే అక్కా?”

“పైన గీత పడకూడదన్నాడు, పడనివ్వలేదు,” అంది ఓపల్. “పట్టీ కింద మాత్రం, వాడు కాఫీకెళ్ళినప్పుడు ఇనుము తేలేదాకా గీకేశా.”