చచ్చిన నేల

ఎండిపోయిన నేలని చూపించడానికి పచ్చ సార్ గమ్‌బూట్లు వేసుకుని వచ్చాడు. అక్కడే తెలుస్తుంది మనిషి సంగతి.

ఆయన అసలు పేరు కంపెనీలో ఎవరికీ గుర్తులేదు. కంపెనీ ఎక్కడ చెట్లు కొట్టించాలన్నా ముందు ఈయన వెళ్ళి పచ్చదనం గురించి ఉపన్యాసం ఇస్తాడు కాబట్టి పచ్చ సార్. ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ ఫైలు. "పర్యావరణం" అనేటప్పుడు కళ్ళు సగం మూసుకుంటాడు. ఆ మాట అర్థం తెలిసినవాళ్ళెవరూ అలా మూసుకోరు.

కంపెనీకి మార్కెట్ వెనకున్న మడుగు కావాలి. పూడ్చేసి గోదాములు కట్టుకోవాలి. అయితే ఊరికే పూడ్చనివ్వరు. ఇక్కడ ఎంత మడుగు పోతుందో అంత మడుగు ఇంకోచోట పుట్టించాలి. ఆ ఇంకోచోటు ఎలా ఉందో అనుమతులిచ్చే కమిటీ పెద్ద స్వయంగా వచ్చి చూడాలి. ఆవిడ సంతకం పడితేనే మట్టి లారీలు కదులుతాయి.

ఆవిడ రోజూ పొద్దున్నే కూతురితో ఆ మడుగు గట్టున నడిచే మనిషి. గోదాముల కబురు తెలిసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల తల్లితో మాట్లాడటం మానేసింది. అన్నం ముందు కూర్చుని గోడకేసి చూస్తోంది.

"ముందే చెప్తున్నా," అంది ఆవిడ కారు దిగుతూనే. "ఎక్కడో ఉన్న మడుగుకి బోర్డు తగిలించి, ఇది మేం తయారుచేసిందే అంటే ఒప్పుకోను. చచ్చిన నేల చూపించండి. దాన్ని బతికిస్తామంటేనే సంతకం."

"అయ్యో మేడమ్, ఇంతకంటే చచ్చిన నేల మీకెక్కడా దొరకదు," అన్నాడు పచ్చ సార్, అల్లుడికి కొత్తిల్లు చూపించే మామగారిలా చేతులు చాపి.

అది మాత్రం నిజమే. కనుచూపు మేర బురద పెచ్చులు కట్టి పగిలింది. తుంగ వడిలి నేలకి ఒరిగింది. ఒక పడవ పక్కకి వాలి పడి ఉంది. ఇంటి తాళం పోగొట్టుకున్నదానిలా ఒక కొంగ నడిమధ్యన నిలబడి అటూ ఇటూ చూస్తోంది. గట్టు మీద రెండు పెద్ద మోటార్లు, వాటి నీడలో ముఖాన తువ్వాలు కప్పుకుని పడుకున్న మోటారు మేస్త్రీ.

కుళ్ళిన చేపల కంపు గుప్పుమంది. ఆవిడ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటండీ ఈ వాసన?"

"జనం మేడమ్, జనం! చెత్తంతా తెచ్చి ఇక్కడే పారబోస్తారు. బుద్ధి లేదు, శుభ్రం లేదు."

జనాన్ని తిట్టేటప్పుడు పచ్చ సార్‌కి ఎక్కళ్ళేని హుషారు వస్తుంది.

"మరి ఆ పడవ?"

"ఎవడో పాత సామాను వదిలించుకున్నాడు."

"మోటార్లు?"

"నీళ్ళ పనికే మేడమ్. మేం అప్పుడే మొదలుపెట్టేశాం. సంతకాల కోసం చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు."

తువ్వాలు కింద మేస్త్రీ దగ్గాడు. నవ్వాడో ఏమో.

ఆవిడ వంగి ఒక మట్టి పెచ్చు పైకి తీసింది. "అడుగున ఇంకా తడిగానే ఉందే!"

"అంటే ఆశ ఉందన్నమాట మేడమ్!" అన్నాడు పచ్చ సార్, కళ్ళు సగం మూసి.

"పక్షులు వస్తాయా?" ఆస్పత్రి వరండాలో డాక్టర్ని అడిగినట్టు అడిగింది.

"ఎందుకు రావు? అదిగో, ఆ మూల తామరలు లేస్తాయి. నీటికోళ్ళు అక్కడే తిరుగుతాయి. ఈ పక్క లోతులో బుడబుంగలు. ఆ దిబ్బ దగ్గర నత్తగుల్ల కొంగలు."

"ఏది ఏ మూలకి వస్తుందో కూడా చెప్పేస్తున్నారే!"

"అనుభవం మేడమ్."

పక్షుల పుస్తకం అట్ట కూడా తిప్పని మనిషికి అనుభవమట!

"వచ్చే చలికాలానికి రాకపోతే మీ గోదాములకి నేనే తాళం వేయిస్తా."

"రాకపోతే నా పేరు మార్చుకుంటా."

ఉన్న పేరే ఎవరికీ తెలియదు, మళ్ళీ మార్చుకోవడం ఒకటి.

ఇలాంటి గాలి కబుర్లకి చదువుకున్నవాళ్ళే ముందు పడతారు. ఆవిడా పడింది. నమ్మాలని వచ్చిన మనిషిని నమ్మించడం ఎంతసేపు? కారు బానెట్ మీదే సంతకం పెట్టేసి, ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మలూ, నేనే. మన మడుగు పోతోంది, కాదనను. కానీ దాని బదులు ఇక్కడ ఇంకోటి పుడుతుంది. చచ్చిన నేల తల్లీ, కళ్ళారా చూశాను. ఇది బతుకుతుంది."

అవతల్నుంచి, "నిజంగానా అమ్మా?" అని సన్నగా వినిపించింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. పక్కన పచ్చ సార్ కూడా జేబురుమాలు తీశాడు. సిగ్గులేనితనానికైనా ఒక హద్దుండాలి.

కారు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగింది. అది కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపి, పచ్చ సార్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గమ్‌బూటుతో మేస్త్రీని తట్టి లేపాడు.

"లేవయ్యా, కాలవకి కట్టిన అడ్డు తీసి నీళ్ళు వదిలెయ్, పోయిన నెల మనం ఈ మడుగు తోడేసినప్పుడు లేచిపోయిన పక్షులు ఇంకా దారి మర్చిపోయుండవు."