మూడో ఫోను

ఈసారి కూడా తప్పితే లెక్కల టీచరు లెక్కల టీచరుగానే రిటైరవుతుంది.

ప్రిన్సిపాల్ కోర్సులో మిగతావన్నీ గట్టెక్కింది. టైంటేబులు, సిబ్బంది తగాదాలు, అన్నిట్లోనూ మంచి మార్కులే. ఒక్క ఫోను దగ్గరే రెండుసార్లు బోల్తా పడింది.

స్కూలు పిల్లల్ని నదికి తీసుకెళ్లారు. పడవ దిగాక ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక పాప మునిగి చనిపోయింది. ప్రిన్సిపాల్‌గా ఆ తల్లికి ఫోను చేసి చెప్పాలి. అదీ పరీక్ష.

తల్లిగా మాట్లాడే ఆవిడ పక్కగదిలో కూర్చుంటుంది. ఏ నాటక సమాజంలోంచి పట్టుకొచ్చారో గానీ, ఏటా ఆవిడేనట. చావుకబురు చల్లగా చెప్పడానికి కూడా కోర్సు కావాలా మనకి అని తోటివాళ్లు నవ్వుకున్నారు. ఆ గొంతు విన్నాక ఎవరూ నవ్వలేదు.

రెండుసార్లూ లెక్కల టీచరు నోట ఒకటే మాట వచ్చింది. పాపకి కాస్త జ్వరంగా ఉంది, ఒకసారి రండి అని. నాన్న పోయినప్పుడు అన్నయ్య తనకి చెప్పింది అలాగే. అవతలి గొంతు, చలిగా ఉందంటోందా, దుప్పటి తేనా, పళ్లరసం పట్టొచ్చా అని అడిగేది. పరీక్షకిచ్చిన కాగితంలో లేని ప్రశ్నలు. టీచరు ఫోను పెట్టేసేది. ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటున్నా ఆ గొంతే చెవిలో.

కోర్సు నడిపే మేడం అరమార్కు దగ్గర బతిమాలితే కరిగే మనిషి. ఈ పరీక్ష దగ్గర మాత్రం రాయి.

మూడోసారి టీచరు కళ్లు మూసుకుని ఫోనెత్తింది.

"అమ్మా, స్కూలు ప్రిన్సిపాల్‌ని మాట్లాడుతున్నాను. మీ పాప చనిపోయిందమ్మా. నదిలో మునిగిపోయింది. మేం పిల్లల్ని లెక్కపెట్టుకోలేదు. తప్పు మాదే."

అవతలి గొంతు మెల్లగా అంది.

"సరేనమ్మా. వస్తున్నా. ఇక దుప్పటెందుకులే."

ఫోను పెట్టేసిన చప్పుడైంది. మేడం కాగితం మీద పాస్ అని రాసింది.

టీచరు కళ్లు తుడుచుకుని లేచింది. పక్కగదిలోకి వెళ్లి ఆవిడకి దండం పెట్టి వస్తానంది. మేడం గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంత బాగా నటించే మనిషిని ఎక్కడ పట్టుకున్నారు మేడం?"

మేడం చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.

"నటి కాదమ్మా, పదకొండేళ్ల కిందట నేను ప్రిన్సిపాల్‌గా ఉండి, నిజం చెప్పలేక, జ్వరమని చెప్పి రప్పించిన తల్లి."