స్టెమ్ అంటే?

బస్సు ఉయ్యూరు దాటినా శ్రీదుర్గ ఒళ్ళో పేపర్ల కట్ట తరగలేదు.

పొద్దున్నే పటమటలో ఎక్కి చల్లపల్లి బళ్ళో ఇంగ్లీషు చెప్పి రావడంతోనే ఉన్న ఓపికంతా అయిపోతోంది. జిల్లా ఇంగ్లీషు పోటీకి ఈ పరీక్షలో ఫస్టొచ్చిన ఒక్కరినే పంపాలి. పదింటికల్లా పేరివ్వాలి.

'స్టెమ్ అంటే అర్థం రాయుము.'

అందరూ కాండం అని రాశారు. ఒక్కరు మాత్రం 'ఆపడం' అని రాశారు.

శ్రీదుర్గ ఎర్రపెన్నుతో ఇంటూ పెట్టింది.

"అదీ రైటేనమ్మా," అన్నాడు పక్క సీట్లో పెద్దాయన.

ఆమె విసుగ్గా తలెత్తింది. మాసిన చొక్కా, ఒళ్ళో గుడ్డసంచి.

"వరదని ఆపడాన్ని కూడా స్టెమ్మనే అంటారమ్మా. పొగతాగే పైపుకి కాడ ఉంటుంది చూడండి, అదీ స్టెమ్మే. కాలవ గేటు పైకి లేపే కడ్డీ కూడా."

"మీరు టీచరాండీ?"

"కాదమ్మా. కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యా. గేట్లు ఎత్తడం, దించడం. మా ఇంజనీరుగారు పైపు కాలుస్తా చెప్పిన ముక్కలివి."

గేట్లు తిప్పినాయన తనకు ఇంగ్లీషు చెబుతున్నాడు!

"పుస్తకంలో కాండం అనే ఉందండీ."

"ఒక్కసారి డిక్షనరీలో చూడండమ్మా."

ఫోను బ్యాగులోనే ఉంది. తీసి చూస్తే నిమిషం పని. ఆ నిమిషానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది. తర్వాతి పేపరు తీసింది.

పెద్దాయన కిటికీవైపు తిరిగాడు. చల్లపల్లి రాగానే దిగి వెళ్ళిపోయాడు.

'ఆపడం' అని రాసిన ఎనిమిదో తరగతి సింధూరి ఒక్క మార్కుతో వెనకబడింది. ఇంకో అమ్మాయి పోటీకి వెళ్ళింది.

పది రోజుల తర్వాత, ఏదో పాఠం కోసం డిక్షనరీ తిరగేస్తుంటే ఆ మాట కంటపడింది. ఆపు, అడ్డుకొను. పైపు కాడ కూడా ఉంది.

శ్రీదుర్గ ఆ పేజీలో కాగితం ముక్క గుర్తు పెట్టుకుంది.

ఆ శనివారం పేరెంట్స్ మీటింగు. సింధూరి తన వెంట ఒక పెద్దాయన్ని తీసుకొచ్చింది.

"మా తాతయ్య హనుమయ్యగారు, మేడం. అమ్మకు పనుండి ఈయనొచ్చారు."

బస్సులో పెద్దాయన!

శ్రీదుర్గ గబుక్కున లేచి నిలబడింది.

"పొరపాటు నాదేనండీ. కానీ ఆ రోజు బస్సులో చూసిన పేపరు మీ మనవరాలిదని మీకు తెలీదు కదా?"

"రాత చూడగానే గుర్తుపట్టానమ్మా," అన్నాడు హనుమయ్య, "మా పిల్లదని చెబితే మార్కు కోసం మాట్లాడినట్టుంటుందని ఊరుకున్నా."