అయింది

స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆపి మరీ విన్నదామె. ముందు గదిలోంచి రావాల్సిన మాట రాలేదు. వీధి తలుపు గడియ పడ్డ చప్పుడు మాత్రం వినిపించింది. బస్సు డిపోలో మెకానిక్ అయిన భర్త డ్యూటీకి వెళ్ళిపోయాడు.

రోజూ ఈపాటికి కుక్క 'దొర'కి అన్నం పెట్టి, షుగరు ఇంజెక్షను వేసి, అక్కణ్ణుంచే "అయింది" అని కేక పెడతాడు. ఆమె "సరే" అంటుంది. సాయంత్రం సూది ఆమె వంతు, కేకా ఆమెదే. దొరకి షుగరొచ్చిన ఈ రెండేళ్లలో ఒక్కపూట తప్పలేదు. పేరుకది కుక్కేగాని, పదకొండేళ్లుగా ఆ ఇంట్లో మూడో మనిషి అదే.

రాత్రి గొడవ దేనిమీద మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. చివర మాత్రం ఆమె చేతులు జోడించి, "మీకో దండం. రేపట్నుంచి ఈ ఇంట్లో మీ గొంతు నాకు వినపడకూడదు" అంది. ఆయన దుప్పటి తీసుకుని ముందు గదిలోకి పోయాడు.

తల తుడుచుకుంటూ వచ్చి చూస్తే దొర గిన్నె నాకేసి ఉంది. అన్నం పెట్టాడు, సూది మానేశాడు. అత్తమీద కోపం దుత్తమీద తీయడమంటే ఇదే కదా అని ఆమెకి ఒళ్ళు మండింది. నోరులేని ప్రాణి ఏం చేసిందని?

ఫ్రిజ్‌లోంచి సీసా తీసి అరచేతుల మధ్య దొర్లించింది. డాక్టరు మొదటిరోజే చెప్పాడు, ఒక పూట తప్పినా ఫరవాలేదుగాని ఎక్కువ పడితే ప్రాణం మీదికొస్తుందని. అందుకే సిరంజి వెలుతురుకెత్తి రెండుసార్లు చూసుకుంది. ఆరు గీతలంటే ఆరే.

ఫ్రిజ్ తలుపు చప్పుడుకే మెడ వంచుకుని వచ్చి నిలబడే దొర, ఇవాళ మంచం కింద దూరింది.

"నువ్వూ ఆయన పార్టీయేనా?" అంటూ ఇవతలికి లాగి, మెడమీది తోలు ముడిచి పట్టుకుని సూది గుచ్చింది. అది కిక్కురుమనలేదు. ఆమె మొహంలోకి ఒకసారి చూసిందంతే.

"అయింది" అంది ఆమె అలవాటు కొద్దీ. సరే అనేవాళ్ళు లేరు.

పదకొండింటికి కుట్టుమిషను తొక్కుతుంటే కాలికి ఏదో తగిలింది. కిందికి చూస్తే దొర నాలుగు కాళ్ళూ కొట్టుకుంటోంది. నోట్లోంచి నురగ వస్తోంది. ఫోను తీసి భర్త నంబరు దాకా వెళ్ళింది. ముందు తనా మాట్లాడేది అనిపించి, వేలు కిందికి జరిపి డాక్టరుకి చేసింది.

డాక్టరు అరగంటలో వచ్చాడు. గ్లూకోజు సీసా ఫ్యాను కొక్కేనికి కట్టాడు. ఆమె దొర చిగుళ్ళకి చక్కెర నీళ్ళు రాస్తూనే ఉంది. ఒంటిగంటకి చక్కెర నీళ్ళు రాద్దామంటే దొర నోరు కూడా తెరవలేదు. కాసేపటికి డొక్కలు ఆడటం మానేశాయి. ఆమె చెంచా పట్టుకుని అలాగే కూర్చుంది.

"పొద్దున ఎంత వేశారమ్మా?"

"ఆరు. నా చేత్తో నేనే వేశాను."

"ఆరుకి ఇలా అవకూడదే" అని డాక్టరు మందు సీసా తిప్పి తిప్పి చూశాడు.

అప్పుడే భోజనానికి భర్త వచ్చాడు. గుమ్మంలో చెప్పు ఒకటి విప్పి, రెండోది విప్పడం మరిచిపోయి లోపలికొచ్చాడు. దొర పక్కన చతికిలబడి, గ్రీజు మరకల చెయ్యి దాని మెడమీద వేశాడు.

అది చూసేసరికి ఆమెకి పంతం నిలవలేదు.

"నామీద కోపముంటే నన్ను చంపాల్సింది. దీనికెందుకు మానేశారు? మీరు వేసుంటే ఇలా అయ్యేదా? కోపంలో నా చెయ్యే ఏ గీత తప్పిందో."

ఆయన తలెత్తాడు.

"మానలేదు. నువ్వు స్నానానికి వెళ్ళగానే వేశాను. నా గొంతు వినపడకూడదన్నావు కదా, అందుకే అయిందని చెప్పలేదు."